తలుపుకు ఇవతల, అవతల: తొలి ప్రళయ కథలు

ప్రళయ కథల జోలికి మన విమర్శకులు అంతగా పోలేదు. అపరాధ పరిశోధక నవలలతోపాటు వాటినీ కాలక్షేపం మూటలో కట్టి అటకెక్కించారు. తోకచుక్క వచ్చి భూమిని గుద్దుకుంటే ఏమవుతుందని ఊహించే రచయితకు, కూలి దొరక్క ఊరొదిలి పోయే మనిషి గోడు ఏం పడుతుందన్న ధీమా మనలో వుంది. నేనూ చాలాకాలం ఆ ధీమాతోనే వున్నాను. అది సడలటానికి కారణం ఒక నవలలోని గది, ఆ గదికి వున్న తలుపు.

షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన ఆర్థర్ కానన్ డాయిల్ 1913లో ‘విషవలయం’ అనదగిన చిన్న నవల ఒకటి ప్రచురించాడు. అంతరిక్షంలో ఈథరు విషపూరితమైపోయిన భాగం గుండా భూమి ప్రయాణం చేస్తుంది. ప్రాణులన్నీ ఎక్కడివక్కడ కూలిపోతాయి. ఈ సంగతి ముందుగా పసిగట్టినవాడు ఛాలెంజర్ అనే ప్రొఫెసరు. వచ్చేటప్పుడు ప్రాణవాయువు వెంట తెచ్చుకొమ్మని ముగ్గురు మిత్రులకు తంతి ఇస్తాడు. ససెక్స్‌లోని తన ఇంట్లో భార్య గదికి సందులన్నీ మూసి, సిలిండర్లు పేర్చి, భార్యాభర్తలూ ఆ ముగ్గురు మిత్రులూ లోపల కూర్చుంటారు. ఆ ముగ్గురిలో ఒకడు శాస్త్రజ్ఞుడు, ఒకడు ప్రభువంశీకుడు, ఒకడు పత్రికా విలేఖరి. కిటికీ అద్దంలోంచి చూస్తూ వుండగానే లోకం రాలిపోతుంది. దూరాన గోల్ఫ్ ఆడేవాళ్లు పడిపోతారు, పిల్లల బండి తోసుకుపోతున్న ఆయా పడిపోతుంది, అద్దెబండి గుర్రం పడిపోతుంది. పెరట్లో కారు కడుగుతూ వున్న డ్రైవరు ఆస్టిన్ కూడా ఆ కారు పక్కనే పడిపోతాడు.

ఆస్టిన్ పాత నౌకరు. యజమాని అతణ్ణి పనిలోంచి తీసేస్తున్నానని మాటిమాటికీ అరవటం, అతను మారుమాట లేకుండా పని చేసుకుపోవటం ఆ ఇంట్లో నిత్యం జరిగే తంతు. డాయిల్ దీన్ని హాస్యంగా వ్రాశాడు, హాస్యంగానే వుంది కూడా. అయితే ఆ తలుపు మూసే ఘడియలో ఆస్టిన్ తలుపుకు అవతల వుండిపోతాడు. అతని చావు లోపలివాళ్లకు ఒక పరిశీలన, అంతే. వాళ్లు దుర్మార్గులు కారు. ఒకరికోసం ఒకరు ప్రాణమిచ్చే స్నేహితులు, చావు ముందర ధైర్యంగా, మర్యాదగా ప్రవర్తించే మనుషులు. ఆ మర్యాదకే రచయిత ముచ్చటపడ్డాడు. ఆ మర్యాద హద్దు ఎక్కడున్నదో మాత్రం ఆయనకు కనిపించలేదు.

ఈ నవలను నేను రెండోసారి చదివింది 2021 మే నెలలో. మన దేశమంతటా ఆసుపత్రుల ముంగిట జనం ప్రాణవాయువు సిలిండరు కోసం వరుసలు కట్టిన రోజులవి. మొదటిసారి చదివినప్పుడు సరదాగా దాటిపోయిన ఆ తంతి మాట ఈసారి గొంతులో అడ్డుపడింది. ప్రాణవాయువు తెచ్చుకోమంటే తెచ్చుకోగలిగిన మిత్రులు వున్నవాడు ప్రొఫెసరు ఛాలెంజర్. అప్పటినుంచీ ప్రళయ కథ ఏది చేతికొచ్చినా నేను తోకచుక్కను చూడటం మానేసి తలుపును చూడటం మొదలుపెట్టాను.

ప్రళయం మనకు కొత్త కాదు. మత్స్యావతారం కథలో మనువు పడవలో సప్తఋషులూ బీజరాశులూ వున్నాయి. నోవా పడవలోనూ అంతే. మన కడప సీమలో పోతులూరి వీరబ్రహ్మంగారి కాలజ్ఞానం ఈనాటికీ పల్లెల్లో నోళ్లలో ఆడుతున్నది. అందులోనూ ఉపద్రవాల తరువాత వీరభోగ వసంతరాయలు వస్తాడు, మంచివాళ్లకు మేలు జరుగుతుంది. ఈ కథలన్నింటిలోనూ ఎవరు మిగలాలో నిర్ణయించే అధికారి ఒకడున్నాడు, ఆ నిర్ణయానికి పాపపుణ్యాలనే కొలత ఒకటి వున్నది. పేదవాడు కాలజ్ఞానాన్ని ప్రేమించటానికి అదొక కారణం. దొరలూ దోపిడీదారులూ పోయే రోజు ఒకటున్నదన్న ఆశ అందులో వుంది.

వైజ్ఞానిక యుగం ఈ అధికారిని కుర్చీలోంచి దింపింది. తోకచుక్కకు పాపం తెలియదు. ప్లేగు క్రిమికి పుణ్యం పట్టదు. మరి కథలో ఎవరో ఒకరు మిగలాలి కదా, కనీసం కథ చెప్పటానికైనా! ఆ మిగిలేవాళ్ల జాబితా వ్రాసే పని ఇప్పుడు రచయిత మీద పడింది. దేవుడి పేరు చాటున దాక్కోవటానికి వీలు లేదు. పందొమ్మిదో శతాబ్దపు తొలినాళ్లనుంచి నూరేళ్లపాటు ఐరోపా, అమెరికా రచయితలు వ్రాసిన ప్రళయ కథలను ఆ జాబితాల కోసం చదివితే, వాళ్ల కాలపు వర్గదృష్టి, జాతిదృష్టి ఏ రాజకీయ వ్యాసంలోనూ కనిపించనంత నగ్నంగా కనిపిస్తాయని నా అభిప్రాయం. ఇంట్లో నిప్పంటుకున్నప్పుడు మనిషి ఏది చేతబట్టుకుని బయటికి పరుగెత్తుతాడో చూస్తే అతని మనసు తెలుస్తుందంటారు. ఇదీ అలాంటిదే.

మార్పు ఒక్కరోజులో రాలేదు. ఫ్రాన్సులో కజిన్ ద గ్రాంవిల్ అనే మాజీ మతగురువు వ్రాసిన ‘చివరి మనిషి’ 1805లో, ఆయన ఆత్మహత్య చేసుకున్న తరువాత, అచ్చయింది. అందులో భూమి చవుడు బారిపోతుంది, మనుషులకు పిల్లలు పుట్టరు. కారణం భౌతికమైనదే, కాని ఆదాము, దేవుడు ఇంకా రంగం మీదే వున్నారు. విప్లవం మతాన్ని కూలదోయటం కళ్లారా చూసిన మతగురువు కాళ్లు రెండు పడవల్లో వున్నాయి. దేవుణ్ణి పూర్తిగా బయటికి పంపింది ఇంగ్లండులో ఒక యువతి.

ఆమె సంగతి చెప్పే ముందు ఒక కొండ సంగతి చెప్పాలి. 1815 ఏప్రిల్‌లో, నేటి ఇండొనేషియాలోని సుంబావా ద్వీపంలో తంబోరా అగ్నిపర్వతం పేలింది. పేలుడులోనూ ఆ వెంట వచ్చిన కరువులోనూ పదుల వేలమంది చనిపోయారు. కొండ చెంత వున్న తంబోరా అనే చిన్న రాజ్యం, దాని భాషతో సహా, నేలమట్టమైంది. ఆ భాషకు మిగిలిన గుర్తు, ఆ కాలంలో అక్కడ అధికారం చేసిన రాఫిల్స్ గ్రంథంలో అచ్చయిన చిన్న మాటల పట్టిక ఒక్కటే. అగ్నిపర్వతం నుంచి ఆకాశానికెక్కిన ధూళి సూర్యరశ్మికి అడ్డుపడింది. మరుసటి ఏడు, 1816, ఐరోపాకు వేసవి లేని ఏడు. పంటలు పోయాయి, రొట్టె ధర మండింది. జెనీవా సరస్సు ఒడ్డున వాన వెలియక ఇంట్లో చిక్కుపడిన ఆంగ్లేయులు కొందరు దయ్యాల కథలు వ్రాయాలని పందెం వేసుకున్నారు. బైరన్ సూర్యుడారిపోయిన లోకాన్ని గురించి ‘చీకటి’ అనే కవిత వ్రాశాడు. పద్దెనిమిదేళ్ల మేరీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ మొదలుపెట్టింది. తమ వేసవి పాడవటానికి తంబోరా కారణమని వాళ్లలో ఎవరికీ తెలియదు. ఒక ప్రజకు నిజంగానే లోకం అంతమైంది. దాని నీడ మరొక ప్రజకు సాహిత్యమైంది. ఈ వరుస మళ్లీ మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోవాలి.

ఆ పందెం తరువాత ఆరేళ్లకు షెల్లీ సముద్రంలో మునిగిపోయాడు. 1824లో బైరన్ గ్రీసులో జ్వరంతో పోయాడు. పిల్లలు ముగ్గురు అంతకుముందే పోయారు. తాను ప్రేమించిన తరమంతా తన కళ్లముందే పోగా మిగిలిన మేరీ షెల్లీ 1826లో ‘చివరి మనిషి’ పేరుతోనే మూడు సంపుటాల నవల ప్రచురించింది. కథాకాలం ఇరవై ఒకటో శతాబ్దం చివర. 2073లో ఇంగ్లండు రాజు సింహాసనం వదిలేస్తాడు, దేశం గణతంత్రమవుతుంది. తరువాత ప్లేగు వస్తుంది, 2100 నాటికి లయొనెల్ వెర్నీ ఒక్కడు మిగులుతాడు. ఒక కుక్కను తోడు తీసుకుని, హోమరు, షేక్‌స్పియరు పుస్తకాలు పడవలో పెట్టుకుని, రోము నుంచి సముద్రం మీదికి పోతాడు. దేవుడు ఎక్కడా రాడు. ఎందుకు వచ్చిందీ ప్లేగు అన్న ప్రశ్నకు సమాధానం లేదు. ఆ నాటి విమర్శకులు ఈ నవలను చీల్చి చెండాడారు; ఆడది ఇంత నిరాశ వ్రాయటమేమిటన్న ఎత్తిపొడుపు ఆ విమర్శల్లో వినిపిస్తుంది. 1833లో అమెరికాలో ఒకసారి అచ్చయ్యాక 1965 దాకా దాన్ని మళ్లీ వేసినవాళ్లు లేరు.

నాకు ఈ నవల మీద గౌరవం వుంది. ప్రకృతి మనిషి కోసం పుట్టలేదన్న చేదు నిజాన్ని ఇంత నిబ్బరంగా చెప్పిన నవల అంతకుముందు లేదు. గౌరవం వున్నది గనుకనే ఇంకో రెండు సంగతులు చెప్పాలి. ప్లేగు ముంచుకొచ్చే నాటికి గణతంత్రానికి అధిపతిగా వున్నవాడు రైలండ్, సామాన్య ప్రజల నాయకుడు. రోగం పేరు వినగానే అతను పదవి వదిలి పారిపోతాడు. దేశాన్ని ఆదుకునేది రాజకుమారుడైన ఏడ్రియన్. షెల్లీ స్మృతికి అర్పించిన పాత్ర అది, అందుకే అంత అందంగా వుంది. కాని విప్లవకారుల ఇంట పుట్టిన కుమార్తె ప్రజానాయకుణ్ణి పిరికిపందగా, రాజకుమారుణ్ణి త్యాగమూర్తిగా ఎందుకు ఊహించిందో ఆలోచించవలసిన విషయం. నెపోలియన్ పతనం తరువాత ఐరోపా మధ్యతరగతి మేధావుల్లో ప్రజల మీద సన్నగిల్లిన నమ్మకానికి ఇది ప్రతిబింబమనుకుంటాను.

రెండోది ఇంకా లోతైనది. వెర్నీకి ప్లేగు ఎట్లా అంటుకుంటుంది? చీకటి గుమ్మంలో చావుబతుకుల్లో వున్న ఒక నల్లవాడు అతణ్ణి పట్టుకుంటాడు. వెర్నీ అసహ్యంతో విదిలించుకుంటాడు. ఆ మనిషి ఊపిరి అతని గుండెల్లోకి పోతుంది. విచిత్రమేమంటే, నవల మొత్తంలో ప్లేగు సోకి బతికినవాడు వెర్నీ ఒక్కడే. ఆ కౌగిలే అతణ్ణి కాపాడిందా? నేటి విమర్శకులు కొందరు అట్లాగే చదువుతున్నారు. నేను అంత దూరం పోలేను. అయితే గుమ్మంలో, సరిగ్గా గుమ్మంలో, పేరులేని ఆ మనిషిని పెట్టి కథను అతని మీదుగా నడిపించిన రచయిత్రికి ఆ గుమ్మం ప్రాముఖ్యం ఎంతో కొంత తెలిసేవుండాలి.

ప్లేగు తూర్పు నుంచి వచ్చిందని నవల చెబుతుంది. వాస్తవంలో ఆ సంవత్సరాల్లో ప్రపంచాన్ని చుట్టిన రోగం కలరా. 1817లో బెంగాలులో అది విజృంభించింది. కంపెనీ సైన్యాల వెంట, వర్తకపు ఓడల వెంట అది దేశాలు దాటింది. 1831లో ఇంగ్లండు చేరింది. తూర్పు నుంచి వచ్చిన మాట నిజమే. తెచ్చిన బండి ఎవరిది అన్న ప్రశ్న మాత్రం ఆ కాలపు నవలల్లో వుండదు.

మధ్యలో ఎడ్గార్ ఎలన్ పో 1839లో వ్రాసిన చిన్న కథ ఒకటుంది. తోకచుక్క గాలిలోని నత్రజనిని లాగేసుకుంటుంది, మిగిలిన ప్రాణవాయువుతో లోకం భగ్గున మండిపోతుంది. ఎవరూ మిగలరు, చచ్చినవాళ్ల ఆత్మలే కథ చెప్పుకుంటాయి. జాబితా వ్రాసే బాధ్యత తప్పించుకోవటానికి పో కనిపెట్టిన చమత్కారం అది. 1885లో రిచర్డ్ జెఫరీస్ లండన్ నగరాన్ని విషపు బురదగా మార్చి, దానిపైన అడవిని పెంచి సంతోషించాడు. నగరం మీద అంత కసిగా, అడవి మీద అంత ప్రేమగా వ్రాసిన పేజీలు అరుదు. ఆ నవలలో మొదటి భాగం చదివి రెండోది వదిలేసినా నష్టం లేదు.

ఆ కాలంలో ఆంగ్ల పాఠకుడికి తన దేశం నాశనమవటం చదువుకోవటంలో ఒక సరదా పుట్టింది. ఈ సరదా వెనక ఏమున్నదో మన వైపు నుంచి చూస్తే తేలికగా అర్థమవుతుంది. 1876 నుంచి 1878 దాకా దక్కనులో, మద్రాసు రాజధానిలో, మహాకరువు సాగింది. చచ్చినవాళ్లు యాభై లక్షలకు పైబడతారని అంచనా. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఆ కరువులో నలిగిపోయాయి. 1877 జనవరి 1న ఢిల్లీలో లిట్టన్ దర్బారు జరిపి విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటించాడు. కరువు పనుల్లో మట్టి మోసే మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిమీద ఒక అణా చాలునని రిచర్డ్ టెంపుల్ లెక్కగట్టాడు. ధాన్యం ఎగుమతి ఆగలేదు. తెలుగు నేలలో ప్రళయం నవల్లో రాలేదు, గంజికేంద్రాల దగ్గర వచ్చింది. అదీ ప్రకృతి చేసిందేననీ, వాన కురవకపోవటమే కారణమనీ ప్రభుత్వం చెప్పింది. వానకు పాపం తెలియదు నిజమే. మిగిలేవాళ్ల జాబితా మాత్రం టెంపుల్ చేతిలో వుంది.

ఈ సంగతి కొంతవరకైనా పసిగట్టిన ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్. 1897లో పత్రికలో ధారావాహికంగానూ, 1898లో పుస్తకంగానూ వచ్చిన ‘ప్రపంచాల యుద్ధం’ మొదటి అధ్యాయంలోనే ఆయన టాస్మేనియా ప్రజల మాట తెస్తాడు: అంగారకులు మనమీద దండెత్తారని మొరపెట్టుకునే ముందు, మనం ఆ దీవిలో ఏంచేశామో గుర్తుచేసుకోండి అన్నది ఆయన వాదం. బ్రిటిషు సామ్రాజ్యాన్ని బ్రిటిషువాళ్ల మీదకే తిప్పి చూపించిన నవల అది. అందులోనూ ఒక పొరపాటు వుంది. టాస్మేనియన్లు పూర్తిగా అంతరించారని వెల్స్ వ్రాశాడు. వాళ్ల సంతతి ఈనాటికీ వుంది, భూమి కోసం, భాష కోసం పోరాడుతున్నది. సానుభూతిపరుడు కూడా వాళ్లను మిగిలినవాళ్ల జాబితాలోంచి కొట్టేశాడు!

నాకు అంతకంటే ఇష్టమైనది అదే 1897 డిసెంబరులో, ‘గ్రాఫిక్’ పత్రిక క్రిస్మస్ సంచికలో ఆయన వ్రాసిన ‘నక్షత్రం’ అనే చిన్న కథ. ఎక్కడినుంచో వచ్చిన గోళం నెప్ట్యూనును గుద్దుకుని, మండే నక్షత్రమై భూమి వైపు వస్తుంది. ఒక గణితశాస్త్రజ్ఞుడు లెక్క కట్టి మనిషి కథ ముగిసిందని తేల్చి, మళ్లీ తరగతికి పోయి పాఠం చెబుతాడు. మంచు కరుగుతుంది, సముద్రాలు పొంగుతాయి. వెల్స్ కథను ఒక్క లండనులో నిలపలేదు. సింధునది నుంచి గంగాముఖం దాకా మైదానమంతా నీటమునిగి, ఆలయాల మీద, మీనారుల మీద జనం గుంపులుగా వేలాడి రాలిపోయే దృశ్యం అందులో వున్నది. ఆ పత్రిక పాఠకుడు ఆ ఏడాది వార్తల్లో ఏం చదివాడు? హిందూ దేశంలో కరువు, బొంబాయిలో ప్లేగు, పూనాలో ప్లేగు అధికారి రాండ్ హత్య. అంటే కథలోని జనసమూహం ఆ పాఠకుడికి వార్తల్లోంచి తెలిసిన జనమే. వెల్స్ వాళ్లకు పేర్లివ్వలేదు, నోరివ్వలేదు. కాని చావును అందరికీ సమంగా పంచాడు. చివరి పేరాలో అంగారక గ్రహ ఖగోళజ్ఞులు దుర్భిణిలోంచి చూసి, భూమికి పెద్ద నష్టమేమీ జరగలేదని వ్రాసుకుంటారు. ఢిల్లీ దర్బారు నుంచి చూస్తే బళ్లారి అట్లాగే కనిపించి వుంటుంది.

వెల్స్ గొప్పతనం అణుబాంబును ముందే ఊహించటంలో వుందని అంటూ వుంటారు. 1914లో ఆయన నవలలో ఆ మాట వున్నదీ నిజమే, దాన్ని 1932లో చదివిన లియో జిలార్డ్ అణుశృంఖలాచర్య ఆలోచనకు వచ్చినదీ నిజమే. నాకు ఈ జోస్యాల లెక్క మీద ఆసక్తి తక్కువ. జోస్యం చెప్పటం పంచాంగం పని.

జోస్యమంటే హేలీ తోకచుక్క గుర్తొస్తుంది. 1910 ఫిబ్రవరిలో దాని తోకలో విషవాయువైన సైనోజెన్ వున్నట్లు శాస్త్రజ్ఞులు గుర్తించారు. మే నెలలో భూమి ఆ తోక గుండా పోతుందన్నారు. ఖగోళశాస్త్రాన్ని జనంలోకి తెచ్చిన ఫ్లామరియన్ పేరు మీద భయంకరమైన వార్తలు వచ్చాయి. లోకాంతం మీద 1894లోనే ఒక పెద్ద పుస్తకం వ్రాసిన పెద్దమనిషి ఆయన. తోకచుక్క నుంచి కాపాడే మాత్రలు అమెరికాలో అమ్మారు, కొన్నారు. అదే సంవత్సరం విజయనగరంలో గురజాడ అప్పారావుగారు ఆ తోకచుక్కనే చూసి ‘ముత్యాల సరములు’ వ్రాశారు. అరిష్టమని జనం వణికే ఆ చుక్కను ఆయన భూమికి దూరపు చుట్టంగా చూశారు; సంఘసంస్కరణ ఊరేగింపుకు అదొక జెండా అన్నారు. ఇంగ్లీషువాళ్ల విద్య నేర్చి భయం వదిలించుకున్నామని కూడా అందులో ధ్వనిస్తుంది. ఆ ఇంగ్లీషు మాట్లాడేవాళ్లే అక్కడ మాత్రలు కొనుక్కుంటున్నారన్న సంగతి ఆయనకు తెలిస్తే గిరీశం నోట ఇంకో మంచి సంభాషణ మనకు దక్కేది! బెంగాలీలో జగదీశ్ చంద్ర బోసు 1896లో వ్రాసిన కథా ఇట్లాంటిదే. వస్తుందన్న తుపాను రాదు. శాస్త్రజ్ఞులు తలలు పట్టుకుంటారు. తీరా చూస్తే ఓడలోని ఒకాయన అలల మీద పోసిన తలనూనె దాన్ని అణిచేసింది. పాలితుడు పాలకుడి శాస్త్రాన్ని నేర్చుకుంటూనే దానితో పరాచికమాడటం నాకు ముచ్చటగా వుంటుంది.

ఇప్పుడు డాయిల్ తలుపు దగ్గరికి తిరిగి వస్తాను. ఆ నవలలో విషం అందరికీ ఒకేసారి తగలదు. ముందు సుమత్రా నుంచి వార్త వస్తుంది. తక్కువ వికాసం పొందిన జాతులు ముందు పడిపోతాయట, ఆస్ట్రేలియా ఆదివాసులు అప్పటికే అంతరించారట, ఉత్తరాది జాతులు గట్టిగా తట్టుకుంటున్నాయట. ఈథరుకు సైతం ఇంగ్లీషువాడి చర్మం రంగు తెలుసన్నమాట! దేవుణ్ణి దింపిన కుర్చీలో జాతిశాస్త్రం కూర్చున్నది. అయినా డాయిల్ నవలలో ఒక చోటు నన్ను నవ్వించి, నివ్వెరపరిచింది. చచ్చిన లండనులో వెతగ్గా వెతగ్గా బతికివున్నది ఒక ముసలమ్మ; ఉబ్బసం గనుక పక్కన ప్రాణవాయువు పెట్టుకుంది. లోకమంతా పోయిందని చెబితే ఆమె అడిగే ప్రశ్న తన రైల్వే కంపెనీ వాటాల ధర ఏమవుతుందని. రచయిత హాస్యం కోసమే వ్రాసివుండవచ్చు. వాటాదారు తత్త్వాన్ని ఇంతకంటే బాగా ఏ అభ్యుదయ రచయితా పట్టుకోలేదు. చివరికి డాయిల్ అందరినీ లేపేస్తాడు. అది చావు కాదు, మూర్ఛ అట. ఆస్టిన్ కూడా లేచి కారు పనిలో పడతాడు. తలుపు విషయం ఎవరూ ఎత్తరు.

ఇక మనవాడనుకున్న రచయిత వంతు. జాక్ లండన్ ‘ఉక్కుపాదం’ను మనం ఎంత ప్రేమించామో చెప్పనక్కర్లేదు. ఆయన 1912లో వ్రాసిన ‘ఎర్ర ప్లేగు’ 2013లో వచ్చిన మహమ్మారి కథ. అరవై ఏళ్ల తరువాత, తోళ్లు కట్టుకుని మేకలు కాసే మనవలకు, ఒకప్పటి సాహిత్యాచార్యుడు స్మిత్ ఆ కథ చెబుతాడు. ఆ 2013 అమెరికాలో అధ్యక్షుణ్ణి కోటీశ్వరుల మండలి నియమిస్తుంది. తిండి పండించేవాళ్లను స్వతంత్రులని పిలిచేవాళ్లమనీ, నిజానికి వాళ్లు మా బానిసలనీ తాత నిజాయితీగానే ఒప్పుకుంటాడు. అంతటితో ఆగితే బాగుండేది. ప్లేగు రోజుల్లో ఆచార్యులు, వాళ్ల కుటుంబాలు విశ్వవిద్యాలయపు రసాయనశాల భవనంలో తలుపులు బిగించుకుని, బయటి గుంపుల మీద తుపాకులు ఎక్కుపెడతారు. మురికివాడల్లో మనమే అనాగరికుల జాతిని పెంచామని, అది మన మీద విరుచుకుపడిందని తాత వాపోతాడు. బతికిన శ్రామికుడు ఒకడు, పేరే లేనట్లుగా డ్రైవరు అనే పిలుస్తారు, కోటీశ్వరుడి భార్యను చెరబట్టి కొడుతూ వుంటాడు. ఇది ముసలి ఆచార్యుడి దృష్టేగాని రచయితది కాదని వాదించవచ్చు. నేనూ కొన్నాళ్లు వాదించాను.

ఆ వాదన నిలబడకుండా చేసింది 1910లో ఆయనే ప్రచురించిన ‘సాటిలేని దండయాత్ర’. చైనా జనాభా పెరిగి లోకానికి ముప్పు అవుతుంది. 1976 మే 1న పాశ్చాత్య దేశాల విమానాలు పెకింగు మీద గాజు గొట్టాలు జారవిడుస్తాయి. వాటిల్లో వున్నవి రోగక్రిములు. సరిహద్దుల్లో సైన్యాలు నిలబడి, పారిపోయి వచ్చే జనాన్ని కాల్చేస్తాయి. దేశం ఖాళీ అయ్యాక ఇతర దేశాలవాళ్లు వెళ్లి సుఖంగా స్థిరపడతారు. కథనంలో వ్యంగ్యం వుందని కొందరంటారు. నాకు ఎంత వెతికినా అది దొరకలేదు. మే 1 అన్న తేదీని చూసి ఆ రాత్రి పుస్తకం మూసేశాను. సోషలిస్టు పార్టీ సభ్యుడు, జీవితమంతా ఆకలిని, జైలును, కూలిపనిని ఎరిగినవాడు, మే దినాన ఒక జాతి మొత్తాన్ని తలుపుకు అవతల పెట్టి తాళం వేశాడు. వర్గచైతన్యం వున్నంత మాత్రాన జాత్యహంకారం దానంతటదే పోదని మనం సిద్ధాంతరీత్యా ఒప్పుకుంటాం. కాని మన అభిమాన రచయితల జాబితాలో ఈ కథ మాట ఎత్తము. ఇది మన విమర్శలో లోపం. లండన్ గొప్ప పుస్తకాలను దాచటం ఎంత తప్పో దీన్ని దాచటమూ అంతే తప్పు.

చెకోస్లొవేకియా రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన నాటకంలో తిరగబడిన రోబోలు మనుషులందరినీ చంపి ఆల్క్విస్ట్ అనే మేస్త్రీ ఒక్కణ్ణి వదిలేస్తాయి, తమలాగే అతను చేతులతో పని చేస్తాడు గనుక. చాపెక్ కమ్యూనిస్టు కాడు, కాననే ఆయన వ్యాసం కూడా వ్రాశాడు. అయినా మిగలటానికి శ్రమను అర్హతగా పెట్టిన మొదటి జాబితా, నేను చదివినంతలో, ఆయనదే.

అదే 1920లో అమెరికాలో నీగ్రోజాతి మహామేధావి డబ్ల్యు. ఇ. బి. దుబాయ్ ‘డార్క్‌వాటర్’ అనే సంపుటం ప్రచురించాడు. అంతకు ముందరి వేసవిలో, 1919లో, అనేక అమెరికా నగరాల్లో నల్లవాళ్ల మీద మూకదాడులు జరిగాయి. సంపుటం చివర్లో ‘తోకచుక్క’ అనే కథ వుంది. న్యూయార్కు బ్యాంకులో జిమ్ డేవిస్ వార్తాహరుడు. ఏవో పాత కాగితాలు తెమ్మని అతణ్ణి భూగర్భంలోని అడుగు ఖజానాకు పంపుతారు. అక్కడికి వెళ్లటం ప్రమాదం, విలువైన ఉద్యోగులను పంపటం కుదరదు, అందుకని అతణ్ణి పంపుతారు. లోపల వుండగా ఇనుప తలుపు మూసుకుంటుంది. బయటికి వచ్చేసరికి తోకచుక్క వాయువుకు నగరమంతా చచ్చిపడివుంది.

డాయిల్ తలుపును దుబాయ్ తిరగేశాడు. అక్కడ యోగ్యులు లోపల వుండి బతికారు. ఇక్కడ ఎవరి ప్రాణానికి విలువ కట్టలేదో అతను లోపల వుండి బతికాడు. దుబాయ్ డాయిల్‌ను దృష్టిలో పెట్టుకుని వ్రాశాడని నేననను. ఆ తలుపుకు అవతల పుట్టి పెరిగినవాడు ఎవరు వ్రాసినా కథ ఇట్లాగే తిరుగుతుంది. జిమ్ ఒక పెద్ద హోటలుకు పోయి భోజనం చేస్తాడు. నిన్న అయితే తనకు వడ్డించేవాళ్లు కాదని అనుకుంటాడు. ఫోటోలు కడిగే చీకటిగదిలో వుండి బతికిన జూలియా అనే సంపన్న తెల్ల యువతి అతనికి కనిపిస్తుంది. తనతో వున్నవాడు మనిషి అని ఆమె గుర్తించటానికి లోకమంతా చావవలసి వచ్చింది. రాత్రి, ఎత్తైన మేడ మీద, వాళ్లిద్దరి మధ్య వున్న గోడలన్నీ కూలి, ఒకరినొకరు మొట్టమొదటిసారి చూసుకునే ఘడియలో కారు కూత వినిపిస్తుంది. ఆమె తండ్రి, పెళ్లాడబోయేవాడు వస్తారు. పోయింది న్యూయార్కు ఒక్కటే; మిగతా లోకం, దాని రివాజులతో సహా, క్షేమంగా వుంది. మూగిన గుంపులో జిమ్‌ను చంపాలన్న కేకలు లేస్తాయి. తండ్రి అతని చేతిలో డబ్బు కుక్కించి పంపిస్తాడు. జూలియా అతనివైపు తిరిగి చూడకుండా వెళ్లిపోతుంది.

ఈ కథ వ్రాసిన తరువాత దుబాయ్ ఇంకా నలభై మూడేళ్లు బతికాడు. 93వ ఏట, 1961లో, అమెరికా కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. 1963 ఆగస్టు 27న ఘనాలో, అక్రా నగరంలో, కన్నుమూశాడు. కాని నాకు ఆయన పేరు వినగానే గుర్తొచ్చేది ఆ కథ చివరి పది వాక్యాలు. గుంపు పలచబడుతుంది. నల్లజాతి స్త్రీ ఒకతె మెట్లెక్కి వస్తుంది. జిమ్ భార్య. ఆమె చేతుల్లో పసివాడి శవం వుంది. ఆమె అతని పేరు పిలుస్తుంది, అతను వెక్కి ఏడుస్తూ ఆమెను దగ్గరికి తీసుకుంటాడు.